నడిమి మనిషి ఇస్హాఖ్

ఇస్హాఖ్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాడు బహ్రెయిన్‌లో లేడు. జగిత్యాలలో ఉన్నాడేమో తెలియదు. ఉన్నా, అతను పాలు తాగే వయసులో చూసి ఉండాలి. సిగ్నల్ దగ్గర బండి ఆగితే స్టీరింగ్ మీద వేళ్లు దరువేస్తుంటాయి. శుక్రవారం నమాజు అయ్యాక గుదైబియా గల్లీల్లో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతాడు. కఫ్తేరియాలో చాయ్ చెప్పి, అది వచ్చేలోపు పక్కనున్న లాండ్రీ వాడిని పలకరించి, ఎదురు దుకాణంలో బిస్కట్ల ధర అడిగి వస్తాడు. కొనడు. రూములో వాళ్లు 'కాలు కాలిన పిల్లి' అని పేరు పెట్టారు. అతను కూడా కాదనలేదు.

అటువంటి మనిషి తగవులో మాత్రం పాతిన గుంజలా నిలబడేవాడు. ఎవరి వైపూ ఒరిగేవాడు కాదు.

పని డ్రైవరు పని. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పొద్దున తుబ్లీ క్యాంపు నుంచి మనుషుల్ని బస్సులో హూరాకు చేర్చాలి. అక్కడ హోటలేదో కడుతున్నారు. పగలంతా కంపెనీ కారులో సేఫ్టీ ఆఫీసరును తిప్పాలి. సాయంత్రం మళ్లీ బస్సు. డ్రైవర్లకు కంపెనీ గుదైబియాలో రూము ఇచ్చింది కాబట్టి క్యాంపులో ఉండవలసిన అవసరం అతనికి లేదు. అయినా వారానికి రెండు మూడు సార్లు క్యాంపుకు పోయేవాడు. వాళ్లే పిలిచేవారు. పదిమంది మగవాళ్లు ఒక గదిలో, నలభై మంది ఒక వంటింట్లో ఉన్నచోట తగవులకు కరువుండదు. ఒకడి బకెట్ ఇంకొకడు వాడాడని, ఒకడి పొయ్యి వంతు ఇంకొకడు లాక్కున్నాడని, టీవీలో ఏ భాష పెట్టాలని, ఇలా రోజుకొకటి. "ఇస్హాఖ్ భాయ్‌ను పిలువుండ్రి" అనేవారు. వచ్చి, ఇద్దరి మాటా విని, పాము చావకుండా కర్ర విరగకుండా ఏదో ఒకటి చెప్పేవాడు. ఇద్దరూ కొంచెం సణుక్కుని ఒప్పుకునేవారు. ఇద్దరూ సణుక్కున్నారంటే తీర్పు సరిగ్గా ఉన్నట్టని అతని లెక్క.

దీనికి అతనికొక నియమం ఉంది. తగవు తేలేదాకా ఏ పక్షం చేతి చాయ్ కూడా తాగడు. ఇది మేనమామ దగ్గర నేర్చుకున్నది. మామూ జగిత్యాల మార్కెట్‌లో ధాన్యం తూకం వేసేవాడు. కాంటా దింపేదాకా రైతు దగ్గరగానీ సేటు దగ్గరగానీ బీడీ ముక్క కూడా పుచ్చుకునేవాడు కాదు. అందుకే మామూ కాంటా అంటే ఎవరూ రెండోసారి తూచమనేవారు కాదు. ఆ గౌరవం తనకీ దక్కిందని ఇస్హాఖ్‌కు లోపల చాలా గర్వం. బయటికి చెప్పేవాడు కాదు గానీ, క్యాంపులో ఎవరైనా చాయ్ గ్లాసు చాపితే చెయ్యి అడ్డం పెట్టే తీరులో అది కనబడేది.

ఇంటి దగ్గర ఉన్న భార్య తాహెరాకు మాత్రం ఈ గొప్ప అంతగా ఎక్కలేదు. ఫోనులో ఒకసారి అతను క్యాంపు పంచాయతీ ఒకటి మురిపెంగా చెప్పుకుపోతుంటే, ఆమె విని విని ఉర్దూలో అన్నది: "మీ అమ్మకూ నాకూ పడనప్పుడు కూడా మీరు ఇట్లాగే నడుమ నిలబడేవారు. ఆమెదీ నిజమే, నీదీ నిజమే అనేవారు. ఆ మాట వినడం కంటే నన్ను రెండు తిడితే బాగుండునని ఉండేది."

ఇస్హాఖ్ నవ్వేసి, కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని ఫోను పెట్టేశాడు.

రెండువేల మూడు ఆ ఏడు. ఇరాక్ మీద యుద్ధం వస్తుందా రాదా అని ద్వీపమంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది. జుఫైర్‌లో అమెరికా వాళ్ల నౌకాస్థావరం ఉంది కాబట్టి మిసైలు పడితే ఇక్కడే పడుతుందని గుదైబియా గదుల్లో మహా మేధావులంతా తేల్చేశారు. కిటికీ అద్దాలకు టేపు అంటించారు. ఊళ్ల నుంచి ఫోన్లు. "దుబాయిల బాంబులు పడుతున్నయట గద" అని. ఇది దుబాయి కాదని చెప్పడం ఇస్హాఖ్ ఏనాడో మానేశాడు. "ఇంకా పడలే" అనేవాడు.

ఆ రోజుల్లో కారులో వెనక సీటు వాడు అతనికంటే ఎక్కువ అస్థిమితంగా ఉండేవాడు. డోనల్ సాబ్, సేఫ్టీ ఆఫీసరు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ఎండకు ఎర్రబడిన మొహం. అందరూ అతన్ని ఇంగ్లీషు దొర అనుకునేవారు. అలా అంటే మండిపడేవాడు. "ఇంగ్లండ్ కాదు, ఐర్లండ్" అని మేనేజరుకు కూడా ఎదురు చెప్పగా ఇస్హాఖ్ విన్నాడు. తనను కూడా ఇక్కడ ప్రతి వాడూ బొంబాయి వాడనుకుంటాడు కాబట్టి ఆ మంట అతనికి అర్థమైంది.

సాబ్‌ది కొంత హిందీ, ఎక్కువ ఇంగ్లీషు. ఇస్హాఖ్‌ది కొంత ఇంగ్లీషు, ఎక్కువ హిందీ. ఇద్దరి మధ్యా ఏదో ఒక భాష తయారైంది. కారులో రేడియో వార్తలు పెట్టించుకుని, అవి అయిపోగానే సాబ్ తిట్టడం మొదలుపెట్టేవాడు.

"మాది ఎవరి పక్కా చేరని దేశం, ఇస్హాఖ్. ప్రపంచమంతా కొట్టుకున్న రోజుల్లో కూడా మేము చేరలేదు. చిన్న దేశం మాది. మా గౌరవమంతా అదే."

"మంచిదే గద, సాబ్."

"ఇప్పుడూ చేరలేదనే అంటున్నారు మా మంత్రులు. కానీ షానన్ అని మా విమానాశ్రయం ఉంది. అమెరికా సిపాయిలను యుద్ధానికి తీసుకుపోయే విమానాలు అక్కడ దిగుతున్నాయి. మేము పెట్రోలు పోస్తున్నాం. వాళ్లు కాసేపు కాళ్లు చాపుకుని, మళ్లీ ఎక్కి ఇటు వస్తున్నారు. అయినా మేము తటస్థులమేనట."

యుద్ధం వద్దని డబ్లిన్‌లో లక్షమంది రోడ్డెక్కారట. అందులో సాబ్ అక్క కూతురు కూడా ఉందట. ఇస్హాఖ్ అద్దంలో అతని మొహం చూశాడు. ఓదార్చాలనిపించింది.

"పెట్రోలు పోసేటోడు లడాయి చేసినట్టా, సాబ్? నేను బంకుల పెట్రోలు పోయించుకుంట. నా పాపాలకు ఆ బంకోడు జవాబు చెప్తడా?"

"నువ్వు ఎక్కడికి పోతున్నావో బంకు వాడికి తెలియదు" అన్నాడు సాబ్. "మాకు తెలుసు."

ఆ జవాబు ఇస్హాఖ్‌కు రుచించలేదు. పెద్దవాళ్ల దేశాల సంగతి పెద్దవాళ్లది అనుకుని లైను మార్చి ముందున్న లారీని దాటేశాడు.

డోనల్ సాబ్ ఒకప్పుడు వాళ్ల దేశపు సైన్యంలో పనిచేశాడు. యుద్ధం చెయ్యని సైన్యం ఎందుకని ఇస్హాఖ్ అడిగితే, నడుమ నిలబడడానికి అన్నాడు. ఐక్యరాజ్యసమితి నీలం టోపీ పెట్టుకుని లెబనాన్‌లో ఒక కొండదారి మీద, చెక్‌పోస్టులో, తుపాకులు పట్టుకున్న రెండు గుంపుల మధ్య నిలబడ్డాడట. తనతో ఉన్నవాళ్లలో కొందరు అక్కడే చనిపోయారట. ఆ మాట చెప్పేటప్పుడు కిటికీ వైపు తిరిగాడు.

"మరి ఎవరి దిక్కు మాట్లాడకుండ ఎట్లుండేది, సాబ్?"

"మాట్లాడేవాళ్లం. రోజూ సాయంత్రం రేడియోలో చెప్పాలి. ఇవాళ ఎవరు కాల్చారు, ఏ వైపు నుంచి కాల్చారు. ఇటువాడు కాలిస్తే ఇటువాడని, అటువాడు కాలిస్తే అటువాడని. మేము ఎవరినీ కాల్చలేదు. కానీ చూసింది చూడలేదని ఒక్కనాడూ చెప్పలేదు. అందుకే ఇద్దరూ మమ్మల్ని తిట్టేవారు, ఇద్దరూ మా మాట నమ్మేవారు." మళ్లీ తనే అన్నాడు. "ఈ పెట్రోలు పోసిన తర్వాత, రేపు ఎక్కడైనా నడుమ నిలబడాలంటే మమ్మల్ని ఎవరు పిలుస్తారు?"

ఇది మాత్రం ఇస్హాఖ్‌కు బాగా నచ్చింది. ఇద్దరూ తిట్టాలి, ఇద్దరూ నమ్మాలి. మామూ కాంటాలాగే ఉంది. ఆ రోజు నుంచి ఐర్లండ్ అనే దేశం మీద అతనికి ఒక సొంతవాడి అభిమానం ఏర్పడింది. అది ఎటువైపు ఉందో కూడా తెలియదు పాపం.

యుద్ధం వచ్చింది, బహ్రెయిన్ మీద ఏమీ పడకుండానే బాగ్దాద్ పడిపోయింది. కిటికీల టేపు ఊడదీశారు. అప్పుడు ఎండాకాలం మొదలైంది, తుబ్లీ క్యాంపులో అసలు గొడవ మొదలైంది.

క్యాంపు నీళ్లు తాగి మనుషులు పడిపోవడం మొదలుపెట్టారు. వాంతులు, విరేచనాలు. ఇద్దరిని ఇస్హాఖే బస్సులో వేసుకుని ఆస్పత్రికి చేర్చాడు. మూడో మనిషి కూడా పడిపోయినప్పుడు నర్సింలు అని క్యాంపువాడొకడు మేడ ఎక్కి నీళ్ల ట్యాంకు చూశాడు. మూత లేదు. లోపల పావురం చచ్చి, ఉబ్బి, తేలుతోంది. కింద ఉన్న అందరినీ పైకి పిలిచి చూపించాడు. బస్సు ఆపి వచ్చిన ఇస్హాఖ్ కూడా ఎక్కి చూశాడు. ఆ వాసన రెండు రోజులు ముక్కులోంచి పోలేదు.

నర్సింలుది కోరుట్ల దగ్గర ఊరు. ఇస్హాఖ్‌కు జిల్లా మనిషి. ముప్పై దాటలేదు. బోరు ఎండిపోయి, వ్యవసాయం వదిలి వచ్చాడు. ఇంటి దగ్గర భార్య బీడీలు చుడుతుంది. మంచివాడే, కానీ ముక్కు మీద కోపం. మర్నాడు పొద్దున ఇస్హాఖ్ బస్సు తెచ్చేసరికి క్యాంపు అంతా గోడ నీడన కూర్చుని ఉంది. ట్యాంకు మార్చేదాకా, తాగే నీళ్లు వేరే తెప్పించేదాకా బస్సు ఎక్కేది లేదన్నారు. ముందు కూర్చున్నవాడు నర్సింలు.

క్యాంపు చూసుకునే సూపర్‌వైజరు సత్యప్రసాద్, కాకినాడ వైపు మనిషి. అతను చెడ్డవాడని చెప్పడానికి లేదు. పైవాళ్ల తిట్లు తాను తిని, కిందివాళ్లకు పంచిపెట్టడం అతని ఉద్యోగం. ఇస్హాఖ్‌ను ఆఫీసు గదిలోకి పిలిచి, ఏసీ పెంచి, చాయ్ తెప్పించాడు.

"తీసుకోండి ఇస్హాఖ్ భాయ్."

"వద్దు, ప్రసాద్ సార్. మాట తేలనియ్యుండ్రి."

"మీ పద్ధతి మీదండి, కాదనను. ట్యాంకు కడిగిస్తానని చెప్పాను కదండి, ముందు పనిలోకి రమ్మనండి. మేనేజరు నా పీక మీద కూర్చున్నాడండి."

ఇస్హాఖ్ బయటికి వెళ్లి ఆ మాట చెప్పాడు. "ముందుగాల ట్యాంకు, ఆ తర్వాతే పని" అన్నారు. లోపలికి వచ్చి ఈ మాట చెప్పాడు. సాయంత్రం దాకా ఇదే తిరుగుడు. నిజం చెప్పాలంటే ఆ తిరుగుడులో అతను చాలా సంతోషంగా ఉన్నాడు. ఇంత పెద్ద పంచాయతీ ఎప్పుడూ చెయ్యలేదు మరి.

చీకటి పడబోతుండగా సత్యప్రసాద్ మెల్లగా అన్నాడు. "రేపొక పని చెయ్యండి. సల్మాబాద్‌లో వేరే క్యాంపు వాళ్లని మాట్లాడాం. బస్సు అక్కడికి తీసుకెళ్లి వాళ్లని సైటుకి చేర్చండి. మీరు నా పక్షాన మాట్లాడమని అనట్లేదండి. డ్రైవరు డ్యూటీ చెయ్యమంటున్నాను, అంతే."

ఇస్హాఖ్ ఆలోచించాడు. డ్యూటీ డ్యూటీయే. బస్సు కంపెనీది. తను ఎవరినీ పని చెయ్యమని చెప్పడం లేదు, మానమని చెప్పడం లేదు. స్టీరింగ్ తిప్పడానికి ఏ పక్షమైతేనేం? సరే అన్నాడు. లేస్తూ, చల్లారిపోయిన చాయ్ గ్లాసును ముట్టుకోకుండా వదిలేశాడు. అంత జాగ్రత్త మనిషి.

మర్నాడు సల్మాబాద్ వాళ్లతో నిండిన బస్సు తుబ్లీ క్యాంపు గోడ ముందు నుంచే పోయింది. వేరే దారి ఉంది, కానీ అది చుట్టు. దాచాల్సింది ఏముందనుకున్నాడు ఇస్హాఖ్. నీడన కూర్చున్నవాళ్లు బస్సును చూశారు, నడిపేవాణ్ణి చూశారు. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆ మర్నాటికి క్యాంపులో సగంమంది పనిలోకి ఎక్కేశారు. తమ చోట్లో వేరేవాళ్లు చేరిపోతుంటే ఎన్నాళ్లు కూర్చుంటారు? ట్యాంకు కడగలేదు. పావురాన్ని తీసి, మూతకు బదులు రేకు ముక్క పెట్టారు. అంతా ఖలాస్. సాయంత్రం నర్సింలు బస్సు దగ్గరికి వచ్చి కిటికీ పట్టుకున్నాడు.

"ఇదేంది భాయ్, గిట్ల చేస్తివి?"

"నేనేం చేసిన, నర్సింలూ? నేను ఎవ్వల దిక్కు లేను. నీకు ఎరికే గద."

"ఎరికే. ప్రసాద్ సార్ చాయ్ పోస్తే తాగలేదట. క్యాంపంత చెప్పుకుంటున్నరు." నర్సింలు గొంతు పెంచలేదు. "చాయ్ తాగలే గని, బండి ఇచ్చినవ్. నువ్వు గోడ మీది పిల్లివైనా మంచిగుండు. పిల్లి ఎవ్వలను ఎక్కించుకొని పోదు."

ఇస్హాఖ్ వేళ్లు స్టీరింగ్ మీద ఆగిపోయాయి. అంత నిజమైన మాట అతన్ని అప్పటిదాకా ఎవరూ అనలేదు. మామూ కాంటా అని ఇన్నేళ్లు మురిసిపోయాడే, పళ్లెం కింద తన చెయ్యి తనే పెట్టాడు. బస్సు ఏ పని మీద పోతోందో అతనికి తెలుసు. తెలిసే నడిపాడు.

అప్పుడే సత్యప్రసాద్ గేటు దాటి బస్సు వైపు వచ్చాడు. మిగతా వాళ్లంతా లోపల స్నానాల వరుసలో ఉన్నారు. గేటు బయట ఈ ముగ్గురే.

"నర్సింలూ, నీ వీసా క్యాన్సిల్ చెయ్యమని మేనేజరు చెప్పేశాడయ్యా. సామాను సర్దుకో. నా చేతుల్లో ఏం లేదు."

నర్సింలు ఒక్క అంగలో వెళ్లి అతని కాలరు పట్టుకున్నాడు. గుండెల మీదికి లాగి ఊపాడు. చొక్కా గుండీ ఊడి మట్టిలో పడింది. ఇస్హాఖ్ బస్సు దిగేలోపే వదిలేసి లోపలికి వెళ్లిపోయాడు. ఇస్హాఖ్ అంతా చూశాడు. మూడు అడుగుల దూరంలోంచి చూశాడు.

క్యాంపులో లింగన్న అని పెద్దవాడు ఒకడున్నాడు. పాత కాపు, ఇక్కడి దారులన్నీ తెలుసు. అతను నర్సింలును వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసుకు పోయి ఫిర్యాదు ఇప్పించాడు. నీళ్లు అడిగినందుకు పంపేస్తున్నారని నర్సింలు మాట. నీళ్లు బాగానే ఉన్నాయి, సూపర్‌వైజరు మీద చెయ్యి చేసుకున్నందుకు పంపేస్తున్నామని కంపెనీ మాట. అక్కడి అధికారి ఇద్దరినీ సాక్షి ఎవరని అడిగాడు. ఇద్దరూ ఒకే పేరు చెప్పారు.

కాలరు పట్టుకున్నట్టు తేలితే నర్సింలు ఇంటికి పోవడమే. మళ్లీ ఈ దేశానికి రానివ్వరు కూడా. లింగన్న ఆ మాట ఇస్హాఖ్‌కు స్పష్టంగా చెప్పాడు. "ట్యాంకు సంగతి చెప్పు. ఆ రెండోది అడిగితే, నువ్వు బస్సుల ఉన్నవ్, నీకు కానరాలే" అన్నాడు. సత్యప్రసాద్ కూడా వచ్చి కలిశాడు. "ట్యాంకు గొడవ మనకెందుకండి, అది కడిగించేస్తాం. మీరు చూసిందే చెప్పండి, చాలు" అన్నాడు. ఇద్దరూ సగం నిజమే అడిగారు, తలొక సగం. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఇస్హాఖ్‌కు ఆ వారం తెలిసింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. బండి తాళాలు జేబులో పెట్టుకుని రూమంతా వెతికేవాడు.

డోనల్ సాబ్‌ను అడిగాడు. గొడవ మొదలైన రోజు క్యాంపుకు వచ్చి ట్యాంకు మీరు కూడా చూశారు కదా, మీరు వచ్చి చెప్పకూడదా అని. సాబ్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"క్యాంపు నా పని కిందికి రాదు, ఇస్హాఖ్. నాది సైటు ఒక్కటే. అందులో తల దూర్చవద్దని నాకు చెప్పారు."

"మరి నేనేం చెప్పాలె, సాబ్?"

"చూసిందంతా చెప్పు. ఇటుదీ, అటుదీ. మా పద్ధతి అదే."

ఇస్హాఖ్ గేరు మార్చాడు. పద్ధతి మంచిదే. కానీ ఆ చెక్‌పోస్టులో నిలబడ్డవాళ్లు ముందు రోజు ఒక పక్షానికి బస్సు నడిపినవాళ్లు కాదు. తను నడిపాడు. ఒకవైపు బరువు ముందే వేసేసి, ఇప్పుడు రెండు వైపులా సమానంగా చూస్తానంటే అది తూకమవుతుందా? మామూ ఉంటే అడిగేవాడు. మామూ లేడు.

రాత్రి తాహెరాకు ఫోను చేసి అంతా చెప్పాడు. "మీరు ఏం చెప్పినా ఎవరో ఒకరు పోతారు. ఈసారి రెండూ నిజమే అని రావద్దు, అంతే" అన్నది.

విచారణ రోజున కారు వీధిలో ఆపి, సాబ్‌ను అందులోనే కూర్చోబెట్టి ఇస్హాఖ్ లోపలికి వెళ్లాడు. చిన్న గది. అధికారి, ఇటు నర్సింలూ లింగన్నా, అటు సత్యప్రసాద్. సత్యప్రసాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చిన్నగా దగ్గుతున్నాడు. రోడ్ల మీద నేర్చిన అరబ్బీలో ఇస్హాఖ్ ట్యాంకు సంగతి చెప్పాడు. మూత లేదు, పావురం ఉంది, నేనే ఎక్కి చూశాను, మనుషుల్ని నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. అధికారి తల ఊపాడు. సత్యప్రసాద్ కాదనలేదు.

తర్వాత అధికారి కాలరు సంగతి అడిగాడు. నువ్వు అక్కడే ఉన్నావట, ఇతను ఆయన మీద చెయ్యి వేశాడా, చూశావా?

నర్సింలు నేల చూస్తున్నాడు. సత్యప్రసాద్ మాత్రం ఇస్హాఖ్ వైపే చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. ఇస్హాఖ్ భాయ్ ఉన్నది ఉన్నట్టే చెప్తాడన్న ధీమా ఉంది. అదే చంపింది ఇస్హాఖ్‌ను. ఇన్నేళ్లు అతను తిని బతికిన గౌరవం ఆ ధీమాయే. ఇప్పుడు దాన్ని ఖర్చు పెట్టాలి. ఒక్కసారికే అయిపోతుంది.

"లా. మా షుఫ్త్" అన్నాడు. లేదు, నేను చూడలేదు.

అధికారి రెండోసారి అడగలేదు. ఇద్దరూ చెప్పిన సాక్షి కదా. చూసినవాడు లేడు కాబట్టి చెయ్యి చేసుకున్నాడన్న కంపెనీ ఆరోపణను కొట్టేశాడు. వీసా క్యాన్సిల్ చెయ్యకూడదన్నాడు, ట్యాంకు మార్చమన్నాడు. బయట మెట్ల మీద లింగన్న ఇస్హాఖ్ భుజం పట్టుకుని ఊపాడు. నర్సింలు ఏడ్చేశాడు. వాళ్ల వెనక నుంచి వచ్చిన సత్యప్రసాద్ ఒక్క నిమిషం ఆగాడు.

"మీ మాట మీద నమ్మకంతోనేనండి, మీ పేరు నేను కూడా ఇచ్చింది" అని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే ఇస్హాఖ్ తేలిగ్గా మోసేవాడు. కారు ఎక్కి, ఇంజను వేసి, రోడ్డు మీదికి వచ్చేదాకా సాబ్ ఏమీ అడగలేదు. ఇస్హాఖే చెప్పాడు. ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో.

"మా పోస్టులో అట్లా చెబితే నన్ను మర్నాడే ఇంటికి పంపేవారు" అన్నాడు డోనల్ సాబ్. ఆ తర్వాత, "నేనైతే లోపలికే రాలేదు. నిన్ను అనే నోరు నాకు లేదులే" అన్నాడు.

కంపెనీ ఊరికే ఉండదు కదా. నెల తిరక్కుండా ఇస్హాఖ్‌ను బస్సు మీద నుంచి, కారు మీద నుంచి తీసి ఇసుక టిప్పర్ మీద వేసింది. దుమ్ము, నడుము నొప్పి, ఎండ. అతను నోరెత్తలేదు. తుబ్లీ క్యాంపులో కొత్త ట్యాంకు వచ్చింది, మూతతో సహా. శుక్రవారాలు అక్కడికి పోతే ముందుగా ఇస్హాఖ్‌కే వడ్డించేవారు. మంచం ఖాళీ చేసి కూర్చోబెట్టేవారు. వీడు మా భాయ్, మా కోసం నిలబడ్డాడని కొత్తగా వచ్చినవాళ్లకు చూపించేవారు. అది అతనికి బాగుండేది. బాగుండేది కాదు కూడా.

చలికాలం వచ్చాక ఒక శుక్రవారం అతను వెళ్లేసరికి వంటింట్లో పెద్ద రభస. నర్సింలుకూ లింగన్నకూ పొయ్యి దగ్గర పడింది. నర్సింలు ఆ పూట లింగన్న కుండ దించేసి తనది పెట్టుకున్నాడట. అన్నం సగం ఉడికి ఆగిపోయింది. కాదు, లింగన్నే వంతు మరిచిపోయి పడుకున్నాడని నర్సింలు. చుట్టూ పదిమంది మూగారు. ఇస్హాఖ్ చెప్పులు విడిచి గబగబా లోపలికి నడిచాడు. ఎన్ని నెలలకో ఒక పంచాయతీ! ఒళ్లంతా తేలికయింది.

"ఆగుండ్రి. ఒగలెనుక ఒగలు చెప్పుండ్రి. ముందుగాల లింగన్న."

లింగన్న అతన్ని చూసి, చూపు తిప్పుకున్నాడు. "నువ్వెందుకులే భాయ్. నువ్వు నర్సింలు మనిషివి. అన్వర్‌ను పిలువబోయిండ్రు" అన్నాడు. అన్వర్ అంటే మొన్న మొన్న వచ్చిన మలయాళీ కార్పెంటరు.

ఇస్హాఖ్ నర్సింలు వైపు చూశాడు, నువ్వైనా చెప్పరా అన్నట్టు. నర్సింలు దగ్గరకు వచ్చి, ఎంతో ప్రేమగా అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు మా దిక్కే గద, భాయ్. నువ్వు తీర్పు చెప్తే ఎవ్వలు నమ్ముతరు? పో, పోయి నా మంచం మీద కూసో. అన్వర్ అస్తడు."

ఇస్హాఖ్ బయటికి వచ్చి వంటింటి గోడ పక్కన నిలబడ్డాడు. లోపల మాటలన్నీ వినబడుతున్నాయి. అన్వర్ వచ్చాడు, ఒకరినొకరు అడ్డుకుంటూ ఇద్దరూ చెప్పారు. వినీ వినకముందే ఇస్హాఖ్‌కు తప్పు ఎవరిదో తెలిసిపోయింది. తప్పు నర్సింలుదే. అన్వర్‌కు అది ఇంకా అందడం లేదు, తడబడుతున్నాడు. లోపలికి వెళ్లి ఒక్క ముక్క చెప్తే తేలిపోతుంది. ఇస్హాఖ్ రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి, రెండుసార్లూ వెనక్కి వచ్చాడు.